ఆసుపత్రి లాటరీ, గంగమ్మ పొట్లాలు

ఒక మనిషి మాట్లాడుతుండగా నేను గ్రామఫోను రికార్డు వేయించాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదేనని చాలాకాలం అనుకున్నాను. అంతకంటే పెద్ద తప్పు దానికి కాసేపటి ముందే నా నోటితో జరిగిపోయిందని తెలియడానికి రెండు కరువులు పట్టింది.

నేను ప్రభుత్వ ప్రచార విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పంతొమ్మిది వందల అరవైల్లో మైసూరు రాష్ట్రంలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు నా పరిధిలో ఉండేవి. ఒక వ్యాను, దాని నెత్తిన గొట్టం స్పీకర్లు, లోపల గ్రామఫోను, మైకు, ముందు డ్రైవరు. మశూచి టీకా మొదలుకొని రసాయనిక ఎరువు దాకా ప్రభుత్వం ఏది చెప్పమంటే అది ఊరూరా తిరిగి చెప్పాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, జనాన్ని ఒప్పించడం ఎట్లా అని అడుగుతుంటారు. ఒప్పించడం పెద్ద కష్టం కాదు. నాకది బాగా వచ్చు. ఒప్పించిన తర్వాత ఏమైందో చూడటానికి మళ్ళీ ఆ ఊరికి వెళ్ళడం కష్టం. అది నాకు ఎవరూ నేర్పలేదు. అందుకే రాస్తున్నాను.

లాటరీ సంగతి

అప్పటికి ఆ చుట్టుపక్కల కాన్పుల ఆసుపత్రి లేదు. ఎద్దులబండిలో పట్నానికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిన ఆడవాళ్ళ గురించి ప్రతి పల్లెలోనూ ఎవరో ఒకరు చెప్పేవారు. పెద్దమనుషులు కొందరు కమిటీగా చేరి, ప్రభుత్వ అనుమతి తెచ్చి, ఆసుపత్రి కట్టడానికి లాటరీ పెట్టారు. మొదటి బహుమతి హళ్ళికార్ జాతి ఎద్దుల జత. ఆ ఎద్దుల కొమ్ములకు రంగులద్ది, మెడలో గంటలు కట్టి సంతల్లో తిప్పేవారు. వాటిని చూసిన రైతుకు కంటికి నిద్ర ఉండేది కాదు.

టికెట్లు మొదట బాగానే పోయాయి. తర్వాత ఆగిపోయాయి. ఇది జూదమని భజన మండళ్ళ వాళ్ళు అన్నారు. మసీదుల్లో అన్నారు. జూదం సొమ్ముతో కట్టిన గోడల మధ్య బిడ్డ పుడితే ఆ బిడ్డకు మంచి జరగదని ముసలమ్మలు అన్నారు. చట్టం ఒప్పుకుంది కదా అంటే, సర్కారు కచేరీ ఒప్పుకుంటే పాపం పుణ్యమైపోతుందా అని అడిగారు. దీనికి సమాధానం చెప్పమని నన్ను పంపారు.

మా పై అధికారి మైసూరు వైపు మనిషి, కన్నడంలోనే మాట్లాడేవాడు. డ్రైవరు పక్కన కూర్చుని ఒకే ఆకులో తినగలిగినవాడు. కింద పనిచేసేవాళ్ళను ఎప్పుడూ మాట పడనిచ్చేవాడు కాదు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఆయన నేర్పిన పాఠం మాత్రం విషం. దేవుడి పేరు చెప్పి అడ్డం వచ్చేవాడికి చట్టం చూపించవద్దు, వాడి గుడిలోనే నీకు పనికొచ్చేది ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని తెచ్చి వాడి ముందర పెట్టు అనేవాడు. ఇంత తెలివైన మాట నేను అంతకుముందు వినలేదు. దాన్ని వాడే సందర్భం కోసం ఎదురుచూశాను.

బాగేపల్లిలో

ముందు ఒక మంచి సంగతి చెబుతాను. అప్పట్లో అది నాకు ఓటమిలా కనిపించింది.

బాగేపల్లిలో మసీదు పెద్ద ఒకాయన లాటరీ వద్దని చెప్తున్నాడని తెలిసి వెళ్ళాను. నా ఉర్దూ సంతలో బేరమాడటానికి సరిపోయేంతే. ఆయనకు ఉర్దూ తప్ప రాదనుకుని, వాదించడానికి మాటలు లేక ఊరికే కూర్చున్నాను. ఆయనే టీ తెప్పించి, తెలుగులో నెమ్మదిగా చెప్పాడు.

"టికెట్టు మాకు హరాం సార్. ఆసుపత్రి హరాం కాదు. రాళ్ళు యాడికి తోలల్లో చెప్పండి, మా పిల్లోళ్ళు బండ్లు కట్టుకొని వస్తారు."

నేను తల ఊపి వచ్చేశాను. టికెట్లు అమ్ముడుపోలేదని పై అధికారికి చెప్పాను. రాళ్ళ బండ్ల సంగతి చెబితే, మన పని టికెట్లు కదా అన్నాడు. పునాది తవ్వే రోజు ఆ బండ్లు నిజంగానే వచ్చాయి. దాని గురించి నేను ఎక్కడా మాట్లాడలేదు. వద్దన్న మనిషి దగ్గర ఇంకో దారి ఉండవచ్చు, అది అడిగితేనే తెలుస్తుంది. ఆ రోజు ఆ దారి నా చెవిన పడింది నాకు మాటలు రాకపోవడం వల్లే. తెలుగు మాట్లాడే పల్లెలో ఆ అదృష్టం నాకు దక్కలేదు.

సంత రోజు

చింతామణి నుంచి బాగేపల్లి వెళ్ళే దారికి కాస్త లోపలగా ఆ పల్లె. పేరు రాయను, ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఊరికి ఒక చెరువు. తూముకు దగ్గరగా ఎగువ మళ్ళు, కాలవ చివర దిగువ మళ్ళు. వాన సరిగ్గా పడని ఏడు చెరువు నీళ్ళు ఒక భాగానికే సరిపోతాయి. అప్పుడు కట్ట మీది గంగమ్మ గుడి ముందర ఊరంతా చేరుతుంది. మోదుగాకుల్లో రెండు పొట్లాలు కడతారు. ఒకదానిలో తెల్ల గన్నేరు, ఒకదానిలో ఎర్ర గన్నేరు. చిన్న ఆడపిల్ల చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే నీళ్ళు ఎగువకు, ఎర్రది వస్తే దిగువకు. ఎన్ని ఎకరాలున్న ఆసామి అయినా, గుంట భూమి ఉన్నవాడైనా, ఆ పువ్వు చూసి ఇంటికి పోవలసిందే. తలకాయలు పగలగొట్టుకునే ఊళ్ళు చుట్టూ ఎన్నో ఉండగా, ఆ ఊళ్ళో నీళ్ళ కోసం కొట్లాట జరిగినట్టు ఎవరూ చెప్పలేదు.

పొట్లాలు కట్టేవాడు పూజారి నరసింహప్ప. దిగువన కాస్త మడి ఉంది. భజన చెప్పేవాడు. మెత్తని మనిషి కాదు. లాటరీ టికెట్టు కొన్నవాడి గొడ్లకు గాలికుంటు వస్తుందని బెదిరించేవాడు, అది న్యాయం కాదు. ఆయన మాట మీద చుట్టుపక్కల ఊళ్ళలో టికెట్టు కొనేవాడు లేకుండా పోయాడు.

ఆ ఊరి సంత రోజున వ్యాను పెట్టాను. ఎద్దులను కూడా తెప్పించాను. ఎప్పటిలాగే ఆసుపత్రి గురించి, ఒక్క టికెట్టుతోనూ ఎద్దులు రావచ్చనీ, ఎక్కువ టికెట్లు కొన్నవాడికి ఎక్కువ అవకాశమనీ చెప్పాను. నరసింహప్ప జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, ఇది జూదం కాదని గుడి ముందర నిలబడి చెప్పగలవా అని అడిగాడు.

నేను ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని అన్నాను: "నరసింహప్పా, కరువు ఏడు మీరు గంగమ్మ ముందర చేసేదేమి? పొట్లాలు కడతారు, పిల్ల తీస్తాది, ఒకరికి వస్తాది, ఒకరికి పోతాది. దాని పేరేమి? అదీ లాటరీనే కదా. అమ్మవారు నడిపితే పుణ్యం, ఆసుపత్రికి నడిపితే పాపమా?"

జనం ఒక్కసారిగా నవ్వారు. దుకాణాల వెనకనుంచి కూడా నవ్వారు. నరసింహప్ప ముఖం నల్లబడింది. అయినా వెనక్కి పోలేదు. "అది వేరే సార్. అమ్మ కాడికి మేము పోయేది..." అని మొదలుపెట్టాడు. జనం సద్దుమణిగి ఆయన వైపు తిరుగుతున్నారు. గెలిచింది చేజారుతుందని భయం వేసింది. డ్రైవరుకు చెయ్యి ఊపాను. వాడు రికార్డు వేశాడు. గొట్టాల్లో నాదస్వరం మొదలైంది. నరసింహప్ప పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట ఎవరికీ వినబడలేదు. కాసేపటికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు తెచ్చిన టికెట్లన్నీ అయిపోయాయి. పై అధికారి మెచ్చుకుని, ఆ మాటనే మిగతా ఊళ్ళలోనూ వాడమన్నాడు. వాడాను. ఆసుపత్రి కట్టారు. అందులో ఎంతోమంది తల్లులు బతికారు. అది అబద్ధం కాదు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని నేను తప్పించుకోలేను. నేను ఆ మాట అనకపోయినా ఆసుపత్రి లేచేది, నాలుగు నెలలు ఆలస్యంగా.

పటేలు ఇంట్లో మజ్జిగ

తర్వాత వరసగా రెండేళ్ళు వానలు సరిగ్గా పడలేదు. ఆ రెండో ఏడు చివర టీకాల ప్రచారానికి అదే ఊరికి వెళ్ళాను. వ్యాను దగ్గరికి ఎక్కువమంది రాలేదు. పటేలు సొణ్ణప్ప మాత్రం ఎదురొచ్చి ఇంటికి తీసుకుపోయాడు. ఎగువ మళ్ళలో సగానికి పైగా ఆయనవీ ఆయన దాయాదులవీ. మజ్జిగ ఇచ్చి, నా ఎదురుగా అరుగు మీద సంతోషంగా కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ మాకు తెలివి లేకపాయె సార్. గుంట ఉండేవానికీ పదెకరాలు ఉండేవానికీ కలిపి రెండే పొట్లాలంట. మీరొచ్చి మైకులో చెప్పినాక కదా కండ్లు తెరుచుకొనింది. ఎక్కువ టికెట్లు ఉండేవానికి ఎక్కువ అవకాశం. ఇప్పుడు ఎకరాకు ఒక పొట్లం కడతాండాము."

మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టాను. నరసింహప్ప ఒప్పుకున్నాడా అని అడిగాను.

"ఆయప్ప లేచి పోయినాడు. పోతే పోనీ అంటిమి. పొట్లం కట్టేదానికి మంత్రమేమి కావల్ల? దిగువోళ్ళు కొంచేపు అరిచిరి. అమ్మ పువ్వు మీద బేరమా అనిరి. సార్ చెప్పలేదా ఇదీ లాటరీనే అని, మీరందరూ నవ్వితిరి కదా అంటే నోరు మూసుకొనిరి."

ఆయనలో ద్వేషం ఏమీ లేదు. నేను చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్నాడు. ఎకరాలు ఎక్కువ ఉన్నది ఎగువనే. రాశిగా పోసిన తెల్ల పొట్లాల్లో ఎర్రది ఎక్కడో ఒకటి. రెండేళ్ళూ తెల్లదే వచ్చింది. దిగువ మళ్ళు రెండేళ్ళూ బీడుపడ్డాయి. బావి ఉన్నవాడు నెట్టుకొచ్చాడు. బావి లేని ఆదెప్ప అనే రైతు తన మడి సొణ్ణప్పకే అమ్మి, పెళ్ళాం పిల్లలతో చింతామణి వెళ్ళిపోయాడు.

అక్కడినుంచి నేరుగా నరసింహప్ప ఇంటికి వెళ్ళాను. ఆయన నులక మంచం అల్లుతున్నాడు. కూర్చోమనలేదు. ఆ దినం మీరు చెప్పబోయిన మాట ఏమిటని అడిగాను. తాడు బిగిస్తూనే చెప్పాడు.

"అమ్మ కాడికి మేము పోయేది గెలిచేదానికి కాదు సార్. నీళ్ళు ఇద్దరికీ చాలవు. ఇది నీది, ఇది కాదు అని చెప్పే యోగ్యత మాలో ఎవురికీ లేదు. అందుకని అమ్మకు ఇడిచిపెడతాము. పోయినోడికి కోపం రాదు, వచ్చినోడికి పొగరు రాదు. మీ టికెట్టు కొనేవాడు నాకే రావల్ల అని కొంటాండాడు. ఇంతే నేను చెప్పాలనుకునింది. మీ నాదస్వరం బాగుండె."

నేను తల దించుకున్నాను. మీరు లేచి పోకుండా ఉంటే దిగువవాళ్ళకు ఒక అండ ఉండేది కదా అని ఒక మాట మాత్రం అన్నాను. అవును, నాకు రోషం ఎక్కువ, దానికి దండుగ ఆదెప్ప కట్టినాడు అన్నాడు. తన వంతు తప్పు ఆయన ఒప్పుకున్నంత తేలిగ్గా నేను నాది ఒప్పుకోలేకపోయాను.

మైకు లేకుండా

మొదట నాకు తెలిసిన పద్ధతే చేశాను. ఇంకో సంత రోజు వ్యాను పెట్టి, గంగమ్మ పొట్లం లాటరీ కాదు, నేను పొరపాటు చెప్పాను అని మైకులో అన్నాను. సొణ్ణప్ప నవ్వి, "అప్పుడు గవర్నమెంటు చెప్పింది, ఇప్పుడు మీరు చెప్తాండారు" అన్నాడు. జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నన్ను చూసి.

అప్పుడు సెలవులు పెట్టి, బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాను. ఎగువ మళ్ళవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, పాత పద్ధతికి రమ్మని అడిగేవాణ్ణి. కొందరు కూర్చోబెట్టేవారు. కొందరు పనుందని లేచిపోయేవారు. మీ కొంపకేమి నష్టమొచ్చింది సార్ అని ఒకామె అడిగింది. నాకు నష్టమేమీ రాలేదమ్మా, అదే తప్పు అన్నాను.

చివరికి వాళ్ళు మారారు. నా మాట వల్ల మారారని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఎగువ మళ్ళలోనే నీళ్ళు ఎవరు ముందు కట్టుకోవాలనే దగ్గర కూడా సొణ్ణప్ప ఎకరాల లెక్క తెచ్చాడు. చిన్న ఆసాములకు వంతు వచ్చేసరికి కాలవ ఎండిపోయేది. తమ పైరు వాడిపోయాక గాని పక్కవాడి పైరు వాళ్ళకు కనబడలేదు. ఎకరాల లెక్కే వద్దు, పాత రెండు పొట్లాలే మేలని వాళ్ళే పోయి నరసింహప్పను పిలిచారు. సొణ్ణప్ప ఒంటరైపోయి సరేనన్నాడు.

నరసింహప్ప వస్తానన్నాడు, ఒక షరతు మీద. నేను గుడి ముందర నిలబడి, ఊరందరూ వినేట్టు, ఆ దినం నేను అన్నది తప్పని చెప్పాలి. వ్యాను తేకూడదు.

అంతకుముందు ఒక పని ఉందని నేను చింతామణి వెళ్ళాను. ఆదెప్ప మండీలో చింతపండు మూటలు మోస్తున్నాడు. ఎవరో చెబితే గుర్తుపట్టాను. ఆయన నన్ను ముందే గుర్తుపట్టాడు. పొట్లాలు మళ్ళీ రెండే కడుతున్నారని, ఆ రోజు మీరు కూడా ఉండాలని అడిగాను.

"భూమి లేనోడికి నీళ్ళ వంతు ఎందుకు సార్?"

"నేను తప్పొప్పుకునేది మీ ముందర. మీరు లేకపోతే ఎవరికి చెప్పేది?"

మూట దించి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఆ దినం సంతలో నేనూ నవ్వినాను సార్" అన్నాడు. "పూజారప్పను ఎవురూ అట్ల మాట్లాడింది చూసింటే కదా. భలే ఉండాదే అనిపించె. ఒక టికెట్టు కూడా కొంటిని."

ఆ ఏడూ వాన చాలక పొట్లాలు కట్టిన రోజు ఆయన వచ్చాడు. జనానికి ఎడంగా, కట్ట దిగువన నిలబడ్డాడు. నేను గుడి ముందర చెప్పులు విడిచి నిలబడి చెప్పాను. ఎన్నో సభల్లో మాట్లాడిన నా గొంతు అక్కడ సరిగ్గా లేవలేదు. వెనకనున్నవాళ్ళు వినబడలేదన్నారు. మళ్ళీ చెప్పాను. మీ అమ్మవారి పువ్వును నా టికెట్టుతో కలిపి ఎగతాళి చేశాను, ఈయన మాట మిమ్మల్ని విననివ్వలేదు, దానివల్ల ఆదెప్ప ఊరు విడిచాడు అన్నాను. నరసింహప్ప పొట్లాలు కట్టాడు. పిల్ల ఒకటి తీసి ఇచ్చింది.

ఎర్ర గన్నేరు.

దిగువవాళ్ళ ముఖాలు విచ్చుకున్నాయి. నాకూ ఒక్క క్షణం గుండె తేలికపడింది. అంతలో సొణ్ణప్ప నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. అప్పుడు అర్థమైంది. దిగువ చివరన ఉన్న ఆదెప్ప మడి ఇప్పుడు ఆయనది. ఆ నీళ్ళు దానికీ పారతాయి.

పొట్లం తీసిన రోజే తూము ఎత్తడం అక్కడి వాడుక. నీళ్ళు కాలవలోకి వచ్చాయి. ఆదెప్ప బస్సుకు బయలుదేరితే నేనూ వెంట నడిచాను. దారి కాలవ గట్టు మీదుగానే. నీళ్ళు మాకంటే కాస్త ముందు, ఎండుటాకులను తోసుకుంటూ పోతున్నాయి. ఆయన పాత మడి దగ్గరికి వచ్చాక, క్షమించమని అడగబోయాను. ఆయన చూపు మడి మీద ఉంది.

"పండనీలే సార్. నేలేం తప్పు చేసింది."

అక్కడ ఒకచోట గట్టు కోసుకుపోయి, నీళ్ళు పక్కనున్న ముళ్ళకంపల్లోకి కారిపోతున్నాయి. ఆదెప్ప చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, కాలవలోకి దిగాడు. చేతులతో మట్టి తోడి గండికి వేయసాగాడు. నేను ప్యాంటు మడిచి, ఆయన పక్కన దిగి, మట్టి అందించాను.